శనివారం ఆటబల్ల నిలబడాలంటే పెట్టెలు పెరగాలా, ఆటలు తగ్గాలా?

ఆరుముఖాల పాచిక (కూకట్‌పల్లి, హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. మేము నలుగురు మిత్రులం, దాదాపు ప్రతి శనివారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో కూర్చుని బోర్డు గేమ్‌లు ఆడుతుంటాము. కటాన్‌తో మొదలైన ఈ అభిరుచి ఇప్పుడు అల్మరా నిండా పెట్టెలుగా పెరిగింది. కార్కసాన్, పాండెమిక్, అజూల్, వింగ్‌స్పాన్, టికెట్ టు రైడ్ ఉన్నాయి. పైన ప్లాస్టిక్ పొర కూడా విప్పనివి మరికొన్ని ఉన్నాయి. ప్రతి వారం ఎవరో ఒకరు కొత్త ఆట తెస్తారు. తొమ్మిదింటికి పెట్టె తెరిస్తే, బోర్డు పరిచి, ముక్కలు పంచి, నియమాలు చెప్పేసరికి పది దాటుతుంది. ఆట రుచి తెలిసే వేళకు ఒకరికి నిద్ర ముంచుకొస్తుంది, మరొకరికి ఇంటి నుంచి ఫోను వస్తుంది. మరుసటి వారం ఆ పెట్టె మళ్లీ బయటికి రాదు.

ఇటీవల మా అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. మామయ్యగారు రమ్మీలో దిట్ట. అత్తయ్యగారు చిన్నప్పుడు అష్టాచెమ్మాలో వాళ్ల ఊళ్లో పేరుపడినవారట. వాళ్లిద్దరూ హాల్లో టీవీ ముందు, మేమంతా పక్క గదిలో బల్ల చుట్టూ ఉండడం నాకు నచ్చడం లేదు. కాబట్టి రెండు విషయాల్లో మీ సలహా కోరుతున్నాను. ఈ కూటమి అలసిపోకుండా కొనసాగాలంటే ఆటల ఎంపిక ఎలా ఉండాలి? పెద్దవాళ్లను మాటవరసకు కాకుండా నిజమైన ఆటగాళ్లుగా ఎలా కలుపుకోవాలి?

నాలుగో కుర్చీ (డ్యూసెల్‌డోర్ఫ్, జర్మనీ)

మీ అల్మరాలో ఉన్నవన్నీ మంచి ఆటలే. వాటిని కుదురుగా ఆడే అవకాశం మాత్రం మీకు దొరకడం లేదు. ఏ ఆటకైనా మొదటిసారి నియమాలు నేర్చుకోవడంతోనే సరిపోతుంది. రెండోసారి ఎత్తులు కనిపిస్తాయి. ఎదుటివారి మనసులో ఏముందో చదవడం మొదలయ్యేది మూడోసారి నుంచే. ప్రతి వారం కొత్త పెట్టె తెరిచే బృందం ఎప్పటికీ ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఒక నెలంతా ఒకే ఆట అని నియమం పెట్టుకోండి. కొత్త ఆట తేవాలనుకున్నవారు ముందుగా ఇంట్లో నియమావళి చదివి, బోర్డు పరిచి, రెండు పక్షాలూ తామే ఒకసారి ఆడి చూసుకుని రావాలి.

నేను ఉంటున్న చోటికి దగ్గరలోనే ఎస్సెన్ నగరం ఉంది. అక్కడ 1983 నుంచి ఏటా అక్టోబరు ప్రాంతంలో జరిగే ‘స్పీల్’ ప్రదర్శనలో కొత్త ఆటలు కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. కానీ ఇక్కడి కుటుంబాలు కొనేముందు ఎక్కువగా చూసేది ఆ కుప్పలను కాదు, 1979 నుంచి ఇస్తున్న ‘స్పీల్ డెస్ యారెస్’ (ఆ ఏటి ఆట) పురస్కారాన్ని. ఆట వెనుక ఉన్న ఆలోచనతోపాటు నియమావళి ఎంత స్పష్టంగా ఉందన్నది కూడా ఆ న్యాయనిర్ణేతలు చూస్తారు. కటాన్ 1995లో, కార్కసాన్ 2001లో, టికెట్ టు రైడ్ 2004లో, అజూల్ 2018లో ఆ పురస్కారం పొందినవే. వింగ్‌స్పాన్‌కు 2019లో వచ్చింది మాత్రం, ఆటల్లో కొంత చేయి తిరిగినవారి కోసం 2011 నుంచి ఇస్తున్న మరో పురస్కారం. అందులో 170 పక్షుల కార్డులు, ఒక్కొక్క దాని మీదా ఇంగ్లీషులో చదవవలసిన పాఠం ఉంటాయి. పెద్దవాళ్లతో మొదలుపెట్టడానికి అది తగదు.

మీ మామయ్యగారికి రమ్మీ వచ్చన్నారు కదా, టికెట్ టు రైడ్‌తో మొదలుపెట్టండి. బల్ల మీద తెరిచి ఉన్న ఐదు కార్డుల్లోంచో, మూసి ఉన్న కట్టలోంచో తీసుకుంటూ ఒకే రంగు కార్డులను చేతిలో పోగుచేసి, వాటిని దించి రెండు ఊళ్ల మధ్య రైలు మార్గాన్ని సొంతం చేసుకోవాలి. ఇంజిన్ కార్డు జోకరు లాగా ఏ రంగుకైనా పనికొస్తుంది. దించాలా, ఇంకో కార్డు కోసం ఆగాలా అన్న ఆ తర్జనభర్జన రమ్మీ ఆడేవారికి కొత్త కాదు. పైగా కార్డుల మీద చదవడానికి ఊళ్ల పేర్లు తప్ప ఏమీ ఉండదు.

గవ్వలు నాలుగు (రాజమహేంద్రవరం)

నేను లెక్కల మాస్టారిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ అత్తయ్యగారి విషయంలో ఒక మాట చెప్పాలనిపించింది. ఆవిడను మీ ఆటకు పిలిచే ముందు మీరంతా ఆవిడ ఆటకు వెళ్లండి. ఐదు గళ్లు నిలువు, ఐదు గళ్లు అడ్డం గీసి, నాలుగు గవ్వలో చింతపిక్కలో ఆవిడ చేతికివ్వండి. చింతపిక్కలను ఒక వైపు తెల్లగా తేలేదాకా బండ మీద అరగదీయాలి. ఆ పని కూడా ఆవిడనే అడిగి నేర్చుకోండి. బండ మీద కాస్త నీళ్లు చల్లి, చూపుడువేలితో నొక్కిపట్టి గుండ్రంగా రుద్దుతుంటే నల్లటి తొక్క కింద ముందు గోధుమరంగు చుక్క, తర్వాత తెల్లటి బద్ద బయటపడతాయి. నాలుగు పిక్కలూ ఒకే మేర అరగకపోతే పందెం, అంటే పిక్కలు పడే తీరు, ఒకవైపే మొగ్గుతుంది.

లెక్క కూడా చూడండి. ప్రతి పిక్కా తెల్లగా పడడానికీ నల్లగా పడడానికీ సమాన అవకాశం ఉందనుకుంటే నాలుగూ కలిసి 16 విధాలుగా పడవచ్చు. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. నాలుగూ తెల్లగా పడే చమ్మా ఒక్కటే, నాలుగూ నల్లగా పడే అష్టా ఒక్కటే. చమ్మాకు నాలుగు, అష్టాకు ఎనిమిది గళ్లే కాక మరో పందెం కూడా దొరుకుతుంది. కటాన్‌లో రెండు పాచికలు 36 విధాలుగా పడతాయి. వాటిలో ఏడు పడేవి 6, ఆరు పడేవి 5, ఎనిమిది పడేవి 5, రెండు గాని పన్నెండు గాని పడేది ఒక్కొక్కటే. కటాన్ బోర్డు మీది అంకెల బిళ్లలకు చుక్కలు పెట్టింది ఈ లెక్క చెప్పడానికే. అష్టాచెమ్మాలో ఎదుటి కాయ తన కాయకు రెండు గళ్ల వెనక ఉంటే భయపడాలని, ఎనిమిది గళ్ల వెనక ఉంటే కాస్త తెరిపిన పడవచ్చని మీ అత్తయ్యగారికి ఏ పట్టికా లేకుండానే తెలుసు. ఆ నేర్పు ఉన్నవారికి కటాన్‌లో ఏ అంకె బిళ్ల పక్కన ఇల్లు కట్టాలో చెప్పడం చాలా సులువు. అష్టాచెమ్మాలో ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లనివ్వని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిడ ఏ పద్ధతిలో ఆడేవారో ఆ పద్ధతిలోనే ఆడండి, ఆవిడ చెప్పిందే నియమావళి.

పులీ మేకా (అనంతపురం)

మాస్టారి మాటకు గౌరవం ఉంచుతూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. పెద్దవాళ్లు అనగానే గవ్వలతో పందెం వేసే ఆటలు, సులువైన ఆటలు అనుకోవడం సరికాదు. మా రాయలసీమ పల్లెల్లో రచ్చబండల మీద పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. హంపీ శిథిలాల్లో రాతి నేల మీద చెక్కిన ఆటగళ్లు చూడవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. పందెం లేదు, అదృష్టం లేదు. మేకలన్నీ ఒక్కొక్కటిగా గీతల కూడళ్లలో పెట్టడం పూర్తయ్యేదాకా పెట్టిన మేకను కదపకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది, మేకకు అవతలి కూడలి ఖాళీగా ఉంటే మేక మీదుగా దూకి దాన్ని తినేస్తుంది. మేకల పక్షం గెలవాలంటే మూడు పులులకూ కదలిక లేకుండా కట్టేయాలి.

రెండు పక్షాలకూ బలాలు వేరు, లక్ష్యాలు వేరు. ఇలాంటి అసమాన పక్షాల ఆటలకే ఇప్పుడు అభిరుచి గలవారిలో గొప్ప ఆదరణ ఉంది; 2018లో వచ్చిన రూట్ అనే ఆటను ఆడినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మేకల వైపు చేయి తిరిగిన పెద్దాయన ఒకరు మీ ఇంట్లో ఉంటే ఆయనకు ఎంత బరువైన ఆటైనా ఇవ్వవచ్చు. ఆయనకు అడ్డం వచ్చేది ఇంగ్లీషు కార్డులు, చిన్న అక్షరాలు, మసక దీపం. ఆట లోతు కాదు. బల్ల మీద వెలుతురు పెంచండి, అక్షరాలు తక్కువ ఉన్న ఆట తీయండి.

ఆరుముఖాల పాచిక (కూకట్‌పల్లి, హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. నెలకు ఒకే ఆట అన్న సూచనకు మా బృందంలో ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. పాండెమిక్‌లో అందరూ ఒకే పక్షం కాబట్టి పెద్దవాళ్లకు ఓడిపోతామన్న బెరుకు ఉండదని అనుకుంటున్నాను, అది మొదటి ఆటగా పనికొస్తుందా? రెండోది, మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు పాచికల చప్పుడు విని “మీ ఇంట్లో పేకాట నడుస్తోందా?” అని మామయ్యగారిని అడిగారు. ఆయన నొచ్చుకుని ఆ రోజు బల్ల దగ్గరికి రాలేదు.

గవ్వలు నాలుగు (రాజమహేంద్రవరం)

మీ మామయ్యగారికి నా మాటగా చెప్పండి. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం ప్రధానం కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టే 1960ల చివర్లో చెప్పింది. డబ్బు ఒడ్డి ఆడడం వేరే సంగతి. మీ బల్ల మీద డబ్బే లేనప్పుడు ఆ ప్రసక్తే రాదు. అడిగినవారిని ఒక శనివారం పిలిచి కుర్చీ వేయండి. చప్పుడు తగ్గడానికి ఒక పళ్లెంలో మందపాటి గుడ్డ పరిచి అందులో పాచికలు వేయండి.

నాలుగో కుర్చీ (డ్యూసెల్‌డోర్ఫ్, జర్మనీ)

పాండెమిక్ గురించి. 2008లో మ్యాట్ లీకాక్ రూపొందించిన ఆ ఆట నాకు ఎంతో ఇష్టమైనదే, కానీ కొత్తవారికి మొదటి ఆటగా నేను దాన్ని సూచించను. అందరూ కార్డుల గురించీ, ఎత్తుల గురించీ బాహాటంగా మాట్లాడుకోవచ్చు కాబట్టి ఆట బాగా తెలిసిన ఒకరు “మీరు అక్కడికి వెళ్లండి, మీరు ఈ కార్డు ఆయనకు ఇవ్వండి” అంటూ నలుగురి వంతులూ తామే ఆడేస్తారు. తక్కినవారు బొమ్మలు జరిపే చేతులుగా మిగిలిపోతారు. పెద్దవాళ్లు మొహమాటానికి ఆ మాట కాదనరు, కానీ మరుసటి వారం రారు. తప్పనిసరిగా ఆడాలనుకుంటే వంతు ఎవరిదో వారు అడిగితే తప్ప ఇతరులు సలహా చెప్పకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

నియమాలు చెప్పే వరుస గురించి కూడా ఒక మాట. ఆట ఎలా ముగుస్తుంది, ఎవరు గెలిచినట్టు అన్నది ముందు చెప్పాలి. తర్వాత ఒక వంతులో ఏమేం చేయవచ్చో చెప్పాలి. మినహాయింపులను అవి ఎదురైనప్పుడే చెప్పాలి. ఉదాహరణకు కటాన్‌లో పది పాయింట్లు వస్తే గెలుపని చెప్పి, ఇల్లు, ఊరు, దారి వేటితో కట్టాలో చూపించి ఆట మొదలుపెట్టవచ్చు. ఏడు పడితే ఏడు కన్నా ఎక్కువ కార్డులున్నవారు సగం పారవేయాలన్న నియమం ఒక్కటి మాత్రం మొదటి పాచిక వేయకముందే చెప్పి తీరాలి. తర్వాత చెబితే అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది.

చినుకు (వరంగల్)

ఇంతసేపూ ఆటల ఎంపిక గురించే మాట్లాడారు. మీ బల్ల నిలబడడానికి అంతకన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ప్రతి శనివారం మీ ఇంట్లోనే అంటున్నారు కదా, ఆ రాత్రి టీ ఎవరు పెడుతున్నారు, పళ్లేలు ఎవరు తీస్తున్నారు, అందరూ వెళ్లాక హాలు ఎవరు సర్దుతున్నారు? ఆటల కూటములు మధ్యలో ఆగిపోవడానికి ఆటలు విసుగు పుట్టడం కారణమని అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లు అలసిపోవడమే కారణం. ఇళ్లు వంతులవారీగా మార్చుకోండి. ఎవరి ఇంట్లో ఆడినా ఆ ఇంటివారు ఆటలో కూర్చోవాలి, వచ్చినవారు టీ పెట్టాలి. వంట చేసే మనిషికి కుర్చీ లేని బల్ల దగ్గర నాకు ఆడాలనిపించదు.

మేము తోటికోడళ్లం, ఆడపడుచు కలిసి మధ్యాహ్నాలు ఆడుకుంటాము. పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ముగియాలి కాబట్టి మాకు అజూల్ బాగా కుదిరింది. నాలుగు రంగులో ఐదు రంగులో అని కూడా ఎవరూ అడగనక్కర్లేదు, సంచిలో చేయి పెట్టి పలకలు తీయగానే ఆట సగం అర్థమైపోతుంది. పలకలు బరువుగా, నున్నగా ఉంటాయి. మా అత్తగారు ఆటకు రాకపోయినా పక్కన కూర్చుని వాటిని రంగులవారీగా పేర్చి పెడుతూ, ఎవరు ఏ వరుస నింపబోతున్నారో మాకన్నా ముందే చెప్పేవారు. ఇప్పుడు ఆవిడే నాలుగో మనిషి.

తినేవాటి సంగతి కూడా తేల్చుకోండి. బజ్జీలు, పకోడీలు ఆటకు ముందో తర్వాతో. బల్ల దగ్గర మాత్రం వేయించిన శనగలు, పల్లీల్లాంటివే. నూనె వేలు ఒక్కసారి తగిలినా కార్డు మీద మరక ఉండిపోతుంది, ఆ మరకను బట్టి అది ఏ కార్డో వెనక నుంచే అందరికీ తెలిసిపోతుంది.

అంకుడుకర్ర (విశాఖపట్నం)

చినుకు గారి చివరి మాట పట్టుకుని పెట్టెల సంరక్షణ గురించి రాస్తున్నాను. ఇది మా ఊళ్లో పెద్ద సమస్య. సముద్రపు తేమకు అట్టపలకలు విల్లులా వంగిపోతాయి, వానాకాలంలో పెట్టె మూత లోపల బూజు పడుతుంది. ప్రతి పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేయండి, గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం వదిలి పెట్టండి, నేల మీద అసలు పెట్టకండి, ఎందుకంటే చెదలు అట్టను వదలవు. కార్డులకు తొడుగులు వేసేముందు కొలత చూసుకోవాలి. మామూలు పెద్ద కార్డు 63.5 మిల్లీమీటర్లకు 88 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా ఆటల్లో అంతకన్నా చిన్న కార్డులు ఉంటాయి. కాబట్టి పెట్టె తెరిచి స్కేలు పెట్టి కొలిచాకే తొడుగులు కొనండి. అన్ని ఆటలకూ తొడుగులు అవసరం లేదు. టికెట్ టు రైడ్ లాగా పదే పదే కలిపే కార్డులున్నవాటికి వేస్తే చాలు.

నాకు మరీ ప్రియమైన విషయం ఇంకొకటి ఉంది. ముక్కలు పోయినప్పుడు విదేశం నుంచి తెప్పించనక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు యంత్రం మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తి రంగు పట్టించే కళాకారులు ఉన్నారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అష్టాచెమ్మా కాయలు, చదరంగం బంట్లు, కటాన్ ఇళ్లకు బదులు వాడుకునే చిన్న గోపురాలు, ఏవైనా గుండ్రంగా తిప్పగలిగిన ఆకారమైతే అడిగి చేయించుకోవచ్చు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేలికి నున్నగా తగులుతుంటే ప్లాస్టిక్ ముక్కల వైపు చూడబుద్ధి కాదు.

ఎనిమిదో మనిషి (డాలస్, అమెరికా)

మా అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు ఇదే సమస్య మాకూ ఎదురైంది. ఇక్కడ బయటికి వెళ్లాలంటే కారు నడిపే మనిషి ఉండాలి, పగలంతా ఇల్లు నిశ్శబ్దం. శని, ఆదివారాల్లో రెండు మూడు తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు నలుగురి ఆటలు చాలవు. అప్పుడు మాకు ఉపయోగపడింది 2015లో వచ్చిన కోడ్‌నేమ్స్. పెట్టెలోని ఇంగ్లీషు పదాలను పక్కన పెట్టి, అట్టముక్కల మీద తెలుగు పదాలు రాసుకున్నాము. ఐదు వరుసల్లో ఐదేసి చొప్పున 25 పదాలు పరచాలి. ఒక జట్టువి 9, మరో జట్టువి 8, ఎవరివీ కానివి 7, తాకితే ఓడిపోయేది 1. జట్టు పెద్ద ఒకే ఒక్క మాట, ఒక అంకె చెప్పి తనవాళ్లు సరైన పదాలను పట్టుకునేలా చేయాలి. మా నాన్నగారు “ఉట్టి, రెండు” అన్నారు. మా అబ్బాయి “వెన్న” మీద, “కృష్ణుడు” మీద తడుముకోకుండా చేయి పెట్టాడు. అమెరికాలో పుట్టిన మనవడికి ఆ మాట అందడం చూసి మా నాన్నగారు ఆ సాయంత్రమంతా ఉత్సాహంగా ఉన్నారు. సమాసాలను ఒకే మాటగా ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆట మొదలవకముందే తేల్చుకోండి, మా ఇంట్లో ఒప్పుకుంటాము.

ఆరుముఖాల పాచిక (కూకట్‌పల్లి, హైదరాబాద్)

మీ అందరి సూచనలూ మా వాళ్లకు చదివి వినిపించాను. ఈ నెలంతా టికెట్ టు రైడ్ ఒక్కటే ఆడుతున్నాము. ఇల్లు వారానికి ఒకటి మారుతుంది, వచ్చినవారే టీ పెడతారు. ఆట ఐదుగురికే సరిపోతుంది కాబట్టి అత్తయ్యగారు, నా భార్య ఒక జట్టుగా ఒకే చేయి ఆడతారు, మా నలుగురిలో ఇద్దరు మరో జట్టు, మామయ్యగారు విడిగా ఆడతారు. పెద్ద ఆట ముగిశాక పడుకునే ముందు ఒక అష్టాచెమ్మా ఉంటుంది. చింతపిక్కలు ఇప్పటికే బండ మీదకు చేరాయి.

మొదటి వారమే మామయ్యగారు రెండు ప్రశ్నలు వేశారు. రెండు ఊళ్ల మధ్య పక్కపక్కనే రెండు మార్గాలు ఉన్నప్పుడు ఒకరే రెండూ కట్టవచ్చా? ఒకరి దగ్గర మార్గాల మీద పెట్టే బొమ్మ రైళ్లు అయిపోవచ్చినప్పుడు ఆట అక్కడికక్కడే ఆగిపోతుందా? నియమావళి తెరిచేలోగా చర్చ వేడెక్కింది, ఇక్కడ తేల్చి చెప్పగలరా?

నాలుగో కుర్చీ (డ్యూసెల్‌డోర్ఫ్, జర్మనీ)

జంట మార్గాల్లో రెండూ ఒకే ఆటగాడు తీసుకోకూడదు. నలుగురు గాని ఐదుగురు గాని ఆడుతున్నప్పుడు రెండో మార్గం మరొకరికి దక్కుతుంది. ఇద్దరో ముగ్గురో ఆడితే ఒకటి కట్టగానే రెండోది ఎవరికీ లేకుండా మూసుకుపోతుంది. కాబట్టి ఆడేవారు ముగ్గురికి తగ్గిన వారం మీ పటం ఒక్కసారిగా ఇరుకవుతుంది, ముందుగానే కట్టుకోవాలి. ముగింపు సంగతి: ఒకరి దగ్గర రైళ్లు రెండు గాని అంతకన్నా తక్కువ గాని మిగిలాయంటే, ఆ మనిషితో సహా అందరికీ చివరగా ఒక్కొక్క వంతు ఉంటుంది. ఆ తర్వాత టికెట్లు, అంటే ఎవరు ఏ రెండు ఊళ్లను కలపాలో చెప్పే కార్డులు, తిప్పి చూస్తారు. పూర్తికాని టికెట్ విలువ మొత్తం తీసివేతే. చేతిలో పెద్ద టికెట్ మిగిలి ఉన్నవారు పక్కవారి రైళ్ల కుప్ప మీద ఒక కన్ను వేసి ఉంచాలని మామయ్యగారికి చెప్పండి.